బీరాన్ నిలబడే తీరు

మానంతవాడి,
జనవరి 22

ఒరేయ్ బీరానూ,

ముందు ఒక చాయ తెప్పించుకుని కూర్చో. ఇది పెద్ద ఉత్తరం. నీకు చెవులు పనిచేస్తే ఫోన్లోనే అరిచి చెప్పేవాణ్ణి. యాభయ్యేళ్ళు ఓడ పలకల సందుల్లో నూనె దూది కూరుతూ సుత్తి మోత వింటే ఇంక చెవులేం మిగులుతాయి! కాబట్టి నా కోడిగీతలు చదువుకోవడం నీ ఖర్మ.

సంతోషం పట్టలేకపోతున్నానురా. నాలుగు రోజులైంది, ఇంకా పట్టలేకపోతున్నాను.

మొన్న ఆదివారం మా ప్రజిష వచ్చింది. మీ బేపూర్ ఓడపని శిక్షణ కేంద్రంలో మా అమ్మాయి టీచరని నీకు మళ్ళీ చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను, చెప్పినప్పుడల్లా నాకు బాగుంటుంది. చేతిలో ఒక పెట్టె. బస్సు దిగి వచ్చీ రాగానే నాన్నని పిలిచి, "అచ్ఛా, కాఫీ గింజలు పక్కకు నెట్టు, కళ్ళం ఖాళీ కావాలి" అంది. ఎందుకే అంటే చెప్పదు. మా కల్యాణి లోపల్నుంచి, "ఎండుతున్న గింజల్ని కదిపారంటే ఊరుకోను" అని కేక. తల్లీకూతుళ్ళ మధ్య నేను పారతో నిలబడ్డాను. చివరికి కూతురే గెలిచింది, ఎప్పుడూ గెలిచేది అదే.

అప్పుడు నా కళ్ళకి నల్లటి అద్దాలున్న పెట్టె ఒకటి బిగించింది. దానికేదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. నేను కళ్ళపెట్టె అంటున్నాను.

ఒరేయ్! మా కాఫీ కళ్ళంలో ఓడ!

సగం కట్టిన ఓడ. పక్కటెముకలన్నీ బయటికి కనిపిస్తూ, ముందు కొమ్ము మా పనసచెట్టు ఆకుల్లోంచి ఆకాశంలోకి లేచి నిలబడింది. మా ఇల్లూ కనిపిస్తోంది, కల్యాణీ కనిపిస్తోంది, వాటి మధ్యలో ఓడ. ఒక కోడి ఓడలోంచి దర్జాగా నడిచి అవతలికి పోయింది. నేను మాత్రం దూలం నుదుటికి కొట్టుకుంటుందని వంగి దూరాను. కల్యాణి ఒకటే నవ్వు. "గాలికి అంత వినయంగా వంగుతారే, నా కోసం వంగి ఒక్క బిందె ఎత్తిపెట్టరు" అంటోంది. నవ్వనీ. నేను ఓడ కింద నిలబడి ముప్ఫై నాలుగేళ్ళయింది. ఏడ్చాను. "లోపల తడిస్తే పాడవుతుంది అచ్ఛా" అని మా అమ్మాయి దాన్ని ఊడదీసి, తన చున్నీతో తుడిచి మళ్ళీ పెట్టింది.

ఆ తర్వాత ఒక మనిషి ఆకారం వచ్చింది. గాజుతో చేసినట్టున్నాడు, మొహం లేదు. పంచె ఎగ్గట్టుకుని, దుంగ మీద ఒక కాలు పెట్టి, చేతిలో బాడిశతో నిలబడ్డాడు. "ఆ మనిషిలోకి దూరి నిలబడు అచ్ఛా. నీ చేతులు అతని చేతుల్లో పెట్టు, నీ కాళ్ళు అతని కాళ్ళలో పెట్టు. అతను ఎలా వేటు వేస్తే అలా వెయ్యి. తప్పితే ఎర్రగా వెలుగుతుంది" అంది. పిల్లలు ఇలాగే నేర్చుకుంటారట! మనం కుట్టాయి మేస్త్రి దగ్గర మూడేళ్ళు చాయలు మోసి, మొట్టికాయలు తిని, దొంగచూపులు చూసి నేర్చుకున్న విద్య, వీళ్ళు మనిషిలోకి దూరి నేర్చుకుంటున్నారు. నా కూతురు చేసిన పాఠం ఇది. నా కూతురు!

నేనూ దూరాను. దూరి కిందికి చూస్తే, ఎడమచేతి బొటనవేలి గోరు రెండుగా చీలి ఉంది.

ఈ లోకంలో ఆ గోరు ఒక్కడికే ఉంది.

చాలా సంతోషంరా బీరానూ. నిజంగా. చాలా అంటే చాలా. ఎప్పుడు జరిగింది ఇదంతా? ఎన్ని రోజులు పట్టింది? నాకు ఒక్క ముక్క ఎందుకు రాయలేదు? మా అమ్మాయి నీకు చాయ అయినా ఇచ్చిందా? ఎన్ని ఇచ్చింది?

నీ
చాప్పుణ్ణి

తా.క. నాకు ఒక్కసారి కూడా ఎర్రగా వెలగలేదు. సరే, రెండుసార్లు వెలిగింది. అది నా తప్పు కాదు, నువ్వు మరీ నెమ్మది.


బేపూర్,
ఫిబ్రవరి 3

చాప్పూ,

నీ ఉత్తరం నిండా సంతోషమే. ఎంత సంతోషమంటే, విప్పుతుంటే కాగితం కాలిన వాసన వచ్చింది.

అడిగావు కాబట్టి చెబుతాను. పోయిన ఆగస్టులో, వాన దంచుతుంటే గొడుగేసుకుని మా ఇంటికి వచ్చింది ప్రజిష. ఎనిమిది రోజులు పని. నా ఒంటి నిండా బొత్తాలూ తీగలూ కట్టింది. నా నిఖా రోజున కూడా నాకు అంత అలంకారం జరగలేదు. చుట్టూ కెమెరాలు. నేను దుంగ చెక్కుతుంటే అవి చూస్తుంటాయి. చెమట తుడుచుకుందామని చెయ్యి ఎత్తితే, "ఇక్కా, అది కూడా పిల్లలు నేర్చుకుంటారు, వద్దు" అని పెద్దన్నని గదమాయించినట్టు నా చెవి దగ్గర అరిచేది. చాయ రోజుకు మూడు. ఆఖరి రోజున నెయ్యన్నం, కోడికూర. ఇంకేమైనా లెక్క కావాలా?

నీకెందుకు రాయలేదంటే, ఇలా అడుగుతావనే.

"మీ నాన్నను పిలవమ్మా, నాకంటే పెద్ద పనివాడు" అని మొదటి రోజే అన్నాను. అల్లా సాక్షిగా అన్నాను. దానికి ఆ పిల్ల, "అచ్ఛన్‌వి ఇప్పుడు కాఫీ చేతులు బీరానిక్కా. నేను పుట్టకముందే బాడిశ వదిలేశారు. ఆయన దగ్గర కథలున్నాయి, మీ దగ్గర పనుంది" అంది. ఇది రాయకూడదనుకున్నాను. కాని నువ్వు ఊరుకోవు కదా.

పిల్లలు ఇరవై ఒక్క మంది. అందులో తొమ్మిదిమంది ఆడపిల్లలు. షెడ్డులో అందరూ కళ్ళకి పెట్టెలు కట్టుకుని గాలిని నరుకుతుంటే, చేపలబుట్టతో అటు పోతున్న పాత్తుమ్మ కిటికీలోంచి చూసి, "వీళ్ళందరికీ ఒకేసారి దయ్యం పట్టిందా?" అని బుట్ట కింద పెట్టి దువా చేసింది. నిన్న రేవు దగ్గర ఒక పిల్ల ఎదురొచ్చి, నా చెవి దగ్గర నోరుపెట్టి, "బీరానిక్కా, పొద్దుటి నుంచీ నేను మీలోనే ఉన్నాను" అని నవ్వి పోయింది. డెబ్భై రెండేళ్ళలో నాతో ఎవరూ అనని మాట. మా ఆవిడ వినలేదు, నయం.

కల్యాణిని అడిగానని చెప్పు.

బీరాన్ కోయ


మానంతవాడి,
ఫిబ్రవరి 11

ఒరేయ్ బీరానూ,

కాఫీ చేతులట!

ఆ మాట చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు అటక ఎక్కి నా బాడిశ దించాను. తుప్పు వదలగొట్టాను, పదును పెట్టాను, కొట్టేసిన పనసమాను ఒకటి కళ్ళంలో వేసుకుని చెక్కుతున్నాను. రోజూ పొద్దున రెండు గంటలు. కల్యాణి "ఏం చేస్తున్నారు?" అంటే "కొయ్య" అంటాను. "ఏ కొయ్య?" అంటే "అవసరం లేని కొయ్య" అంటాను. నా చేతులకి అంతా జ్ఞాపకముందిరా. నిన్ను మర్చిపోయినా బాడిశని మర్చిపోవు.

ఒక్క సంగతి అడుగుతాను, గుండెమీద చెయ్యేసుకుని చెప్పు. వేటు చివర మణికట్టు అలా చిన్నగా తిప్పుతావే, పేడు విరక్కుండా పైకి లేచేట్టు, అది నీకు ఎవరు నేర్పారు? కుట్టాయి మేస్త్రి కాదు. నేను! మీ ఇంటి వెనక కొబ్బరితోటలో, రంజాను నెల, నువ్వు ఉపవాసం ఉంటే నేను కూడా తినకుండా నేర్పాను. అంటే ఆ గాజుమనిషి చేతుల్లో ఉన్నది నా మణికట్టు. ఇరవై ఒక్క మంది పిల్లలకి ఈ సంగతి ఎవరు చెబుతారు?

నేను నా బిడ్డకి పాలబువ్వతో పాటు ఓడల కథలు పెట్టి పెంచాను. ఈ కొండమీద, సముద్రం వాసన కూడా రాని చోట, దానికి ఓడల పిచ్చి ఎక్కించింది నేను. తీరా అది పెద్దదై ఓడలకి బడి పెడితే, వెళ్ళి నిన్ను తెచ్చి నిలబెట్టింది. నీలోకి రోజూ ఇరవై ఒక్క మంది దూరుతున్నారు. నాలోకి ఎవరు దూరతారు? ఈ చలికి దోమ కూడా రాదు.

ఫోన్ చేసి అడిగాను. ఏప్రిల్లో ఇంకో పాఠం తీస్తుందట, మొదటి పక్కటెముక నిలపడం. అన్నిటికంటే పెద్ద పని. ఆ పాఠంలో నేనుండాలిరా. నా చేతులుండాలి. ఇంతకంటే ఈ జన్మలో నాకేం అక్కర్లేదు. నువ్వు ప్రజిషకి చెప్పు. నేను అడగను. కన్నకూతుర్ని తండ్రి దేబిరించాలా?

నీ మీద నాకేం లేదు. ఉన్నదల్లా కాస్త మంట. మజ్జిగ తాగితే పోతుంది.

చాప్పుణ్ణి


బేపూర్,
మార్చి 2

చాప్పూ,

ఈసారి ఎగతాళి లేదు. జాగ్రత్తగా చదువు.

గాలిని నరకడం అయిపోయింది, పోయినవారం పిల్లల చేతికి నిజం కొయ్య ఇచ్చారు. చూడ్డానికి రమ్మంటే వెళ్ళాను. షెడ్డు గుమ్మంలో ఆగిపోయాను. ఇరవై ఒక్క మందీ వరసగా దుంగల మీద కాళ్ళు పెట్టి నిలబడ్డారు. అందరికీ ఎడమ తుంటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. అందరి బరువూ కుడికాలి మీదే. దుంగ మారాలంటే అందరూ ఎడమకాలు ఈడ్చుకుంటూ జరుగుతున్నారు. ఇరవయ్యేళ్ళ పిల్లలురా. ఒంట్లో ఒక్క ఎముక కూడా విరగని పిల్లలు. ఇరవై ఒక్క మంది బీరాన్‌లు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

సఫ్నా అని ఒక పిల్ల ఉంది, మంచి చెయ్యి దానిది. మొన్న ఆ వంకర కాలుతో నిలదొక్కుకోలేక తూలింది. బాడిశ జారి మోకాలి కింద గీసుకుపోయింది. నాలుగు కుట్లు పడ్డాయి. కాస్త లోతుగా దిగితే ఎముకే. మిగతా పిల్లల్లో సగం మంది నడుం నొప్పంటున్నారు. ప్రిన్సిపాల్ ప్రజిషని పిలిచి అడిగాడు. ప్రజిష పాఠం పుస్తకం తీసి చూపించింది. అందులో రాసుంది: "ఎడమ తుంటి బయటికి, బరువు కుడికాలి మీద. దీన్ని బేపూర్ తీరు అంటారు." బొమ్మ కూడా వేసింది.

ఆ మాట నేను చెప్పిందే. ఆగస్టులో నన్ను అడిగింది, "ఇక్కా, తుంటి అలా తోసి నిలబడతారేం?" అని. నేను కుంటడం చూసింది గాని, ముసలితనం అనుకుంది. దుంగ మీద నిలబడ్డప్పుడు కూడా అదే తుంటి అని తోచలేదు. నేను "బేపూర్ తీరే అంత" అన్నాను. మన పనిలో ఏ కొలతకీ కాగితం లేదు కదా, మేస్త్రి ఒళ్ళే పుస్తకం. నమ్మేసింది. విరిగిన తుంటిని కూడా విద్య అనుకుని రాసుకుంది.

విరిగిందని చెబితే ఎలా విరిగిందని అడుగుతుంది. అందుకే చెప్పలేదు. ఎందుకో నీకు తెలుసు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? నువ్వు చెప్పు.

బీరాన్


మానంతవాడి,
మార్చి 7

బీరానూ,

దీనికి ఇంత ఆలోచన ఎందుకు? ఓడ దింపే రోజున తాడు తెగింది, దుంగ దొర్లి తుంటి విరిగింది అని చెప్పు. ఊరందరికీ తెలిసిన మాటే. ప్రజిషకి నేను కూడా ఎన్నోసార్లు అలాగే చెప్పాను, ఎవరి తుంటి అన్నది చెప్పలేదు, అంతే.

పాపం సఫ్నా. కాలు తగ్గిందా?

అయితే ఒక మాట. నీ పాఠం ఇంక పనికిరాదన్నమాట. చెరిపేయాల్సిందే. తుంటి తిన్నగా ఉన్నవాడు కావాలి. నా తుంటి తిన్నగా ఉందిరా! ఏప్రిల్ పాఠమొక్కటే కాదు, మొదటి పాఠం కూడా నాతోనే తియ్యాలి. దేవుడున్నాడు. నిన్న చెక్కిన దుంగ చూస్తే నువ్వే ఒప్పుకుంటావు, అద్దంలా ఉంది. కల్యాణి దాని మీద కూర్చుని జీడిపప్పు ఒలుస్తోంది.

ప్రజిషకి చెప్పేటప్పుడు నా పేరు నువ్వే ఎత్తు.

చాప్పుణ్ణి


బేపూర్,
మార్చి 13

చాప్పుణ్ణీ,

తాడు తెగలేదు.

అది మా అటక మీద ఉంది. ఒక్క పోగు తెగలేదు. ముప్ఫై అయిదేళ్ళుగా ఎవరికీ చూపించలేదు, ఇక మీదట కూడా చూపించను.

ఇరవై అయిదున కేంద్రం పెద్దల సమావేశం. ఈ కళ్ళపెట్టెలన్నీ తిప్పి పంపేసి, ప్రజిషని ఆఫీసు పనిలో వెయ్యాలంటున్నారు. ఆ పిల్ల సన్నబడిపోయింది. తప్పు ఎక్కడుందో తెలీక, కెమెరాలు సరిగ్గా పెట్టలేదేమోనని తన్ను తనే తిట్టుకుంటోంది.

ఇరవై నాలుగున వెళ్ళి నా తుంటి సంగతి చెప్పేస్తాను. తాడు తెగిందనే చెబుతాను. నా పాఠం చెరిపేయమంటాను. మీ నాన్న చేతులు నాకంటే మంచివి, ఆయన్ను పిలవమంటాను. నువ్వు కోరుకున్నవన్నీ నీకు వస్తాయి.

సంతోషమేనా?

బీరాన్ కోయ


మానంతవాడి,
మార్చి 18

బీరానూ,

నీ ఉత్తరం ఉదయం వచ్చింది. మధ్యాహ్నం వరకు కొయ్య దగ్గరికి పోలేదు. కల్యాణి "ఏం రాశాడు?" అంటే "కుశలమే" అన్నాను. మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పాను. మొదటిసారి, పెళ్ళాంతో కూడా మొదటిసారి చెప్పాను. అది లేచి వెళ్ళి, నా దుంగ మీద పెట్టిన తన జీడిపప్పు చేట తీసుకుని లోపలికి పోయింది. ఆ దుంగ మీద మళ్ళీ కూర్చోలేదు.

నీకు కూడా చెబుతాను. నీకు తెలుసు, అయినా నా నోటితో ఎప్పుడూ వినలేదు.

ఆ పొద్దున ఓడ దింపే ముందు యజమాని ముతలాళి అందరినీ నిలబెట్టి, కొత్త మేస్త్రికి కప్పే పంచె తెచ్చాడు. బంగారు అంచు. నా భుజం మీద వేస్తాడనుకున్నాను. ఊరంతా అనుకుంది. పని మొదలెట్టిన రోజు నుంచి నేనే పెద్దని కదా. తీసుకెళ్ళి నీ భుజం మీద వేశాడు. నువ్వు నా వైపు చూసి నవ్వావు. అందులో పొగరు లేదు, "నాకెందుకురా ఇది" అన్న నవ్వు. అది ఇంకా మండింది నాకు.

ఓడ కదిలింది. వెనక తాడు గుంజకి చుట్టి నేను పట్టుకున్నాను, కొంచెం కొంచెంగా వదలాలి. నువ్వు కింద దొర్లుడుదుంగలు సర్దుతున్నావు. ఆ పంచె నడుముకి చుట్టుకున్నావు. ఎండలో దాని అంచు మెరుస్తోంది. నేను దాన్నే చూస్తున్నాను. తాడు పోయింది.

నేను వదిలానో, అదే జారిందో, ముప్ఫై అయిదేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా జవాబు వస్తుంది. నా అరచేతికి ఒరుపు కూడా పడలేదు. గట్టిగా పట్టుకున్న తాడు జారితే చర్మం ఊడాలి. నా చర్మం ఊడలేదు. అది నువ్వు కూడా చూశావు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశావు. చూసి, వచ్చినవాళ్ళతో "తాడు తెగింది" అన్నావు.

ఆ మరుసటేడు నేను కల్యాణి వాళ్ళ భూమి చూసుకోవాలని ఈ కొండెక్కాను. భూమి నన్ను పిలవలేదు. నువ్వు కుంటుతూ యార్డులోకి రావడం చూడలేకపోయాను.

ఇంకోటి కూడా దాచాను. జనవరిలో ఆ గాజుమనిషిలోకి దూరానన్నానే, నీ గోరు తర్వాత చూశాను. ముందు నా తుంటి పక్కకి పోయింది. ఆ గాజుమనిషి తుంటి ఉన్న చోటుకి దానంతటదే వెళ్ళింది. అప్పుడే తెలిసింది అది నువ్వేనని, ఆ వంకర ఏమిటన్నది కూడా. అప్పుడే ప్రజిషకి చెప్పి ఉంటే సఫ్నా కాలికి కుట్లు పడేవి కావు. చెప్పకుండా నీకు గోరు గురించి రాసి, చాయలు ఎన్నని అడిగాను.

నువ్వు ఇరవై నాలుగున ఏమీ చెప్పొద్దు. ఇరవై రెండున నేను బస్సెక్కుతున్నాను. చెప్పాల్సింది నేను. ఏప్రిల్ పాఠం గురించి అడగను. అడిగే మొహం లేదు.

అయినా అడగాలనిపిస్తోందిరా. అదే నా రోగం.

చాప్పుణ్ణి


పొన్నాని,
ఏప్రిల్ 1

చాప్పూ,

నీ ఉత్తరం అందిన రోజే నేను పొన్నానిలో మా అక్క ఇంటికి వచ్చేశాను. నువ్వు చెప్పేటప్పుడు నేను పక్కన ఉంటే, నిన్ను వెనకేసుకొస్తాను. నా నోరు నాకు తెలుసు. "చిన్న విషయం అమ్మా, వదిలెయ్" అనేస్తాను. అప్పుడు నువ్వు చెప్పి లాభం లేదు.

నువ్వు అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉందనుకోకు. చెయ్యి వదిలిందో జారిందో పైనున్నవాడికే తెలుసు. ముప్ఫై అయిదేళ్ళు కోపం లేదంటే అబద్ధం. వానాకాలంలో తుంటి సలుపుతుంది, అప్పుడు నిన్ను తిట్టుకుంటాను. ఎండాకాలంలో మర్చిపోతాను. ఏడాదికి నాలుగు నెలలు, అంతే.

ఇక్కడ మా అక్క పొద్దున బియ్యప్పిండి పత్తిరి, సాయంత్రం అదే పత్తిరి పెడుతోంది. నా చెవులు వినపడవని తెలిసి కూడా రోజంతా నాతో మాట్లాడుతుంది. ఏమైందో రాయి. ఆ పిల్ల ఏమంది? పెట్టెలు ఉంచారా, పంపేశారా?

బీరాన్


బేపూర్,
ఏప్రిల్ 10

ఒరేయ్ నా బీరానూ,

ఉంచారు! పెట్టెలు ఉంచారు! ముందు అది రాసేశాను, ఇక నెమ్మదిగా చెబుతాను.

ఘాట్ రోడ్డు తొమ్మిది మలుపులకీ కడుపులో ఉన్నదంతా పోయింది. దిగేసరికి ఒంట్లో నిజం తప్ప ఏమీ మిగల్లేదు. ప్రజిష షెడ్డులోనే ఉంది. "ఏమిటి అచ్ఛా, చెప్పకుండా వచ్చావ్?" అంది. నిలబడే చెప్పాను. పంచె సంగతీ, తాడు సంగతీ, ఊడని చర్మం సంగతీ, జనవరిలో తెలిసీ నోరు మూసుకున్న సంగతీ. ఒక్కటీ వదల్లేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. తర్వాత "మీరు భోంచేశారా?" అంది.

మీరు! పుట్టినప్పటి నుంచి నన్ను నువ్వు అన్న పిల్ల.

ఇరవై అయిదున సమావేశంలో అదే లేచి అంతా చెప్పింది. తప్పు కెమెరాది కాదు, కళ్ళపెట్టెది కాదు, విరిగిన ఒంటిని చూసి విద్య అనుకోవడం నా తప్పు అంది. మా నాన్న వల్ల విరిగింది అని కూడా చెప్పింది, నేను అక్కడే కూర్చుని ఉండగా. తల ఎత్తలేదు నేను. పదిహేను రోజుల్లో పాఠం సరిచెయ్యి, లేకపోతే పెట్టెలు వెనక్కి అన్నారు.

బయటికి వచ్చాక నా వైపు తిరిగింది. చేతులు ముందుకు చాపేశానురా, సిగ్గు లేకుండా.

"చేతులు బీరానిక్కావే ఉంటాయి. వాటిలో ఏ తప్పూ లేదు" అంది.

"మరి నేను?"

"మీ కాళ్ళు కావాలి."

కాళ్ళు! నడుం కింద బొత్తాలు కట్టింది. పైన ఏమీ లేదు, నా పాత చొక్కానే. అయిదు రోజులు దుంగ మీద నిలబెట్టింది. నా చేతిలో బాడిశ ఇచ్చింది గాని దాన్ని ఏ కెమెరా చూడదు. నేను ఎంత బాగా వేటు వేసినా ఎవరికీ అక్కర్లేదు. నీ మణికట్టు తిప్పుడు నేనే నేర్పానని చెప్పాను. "సరే, మడమ కాస్త లోపలికి" అంది. "పోనీ ఒక్క చెయ్యి, ఎడమచెయ్యి ఒక్కటి" అన్నాను. "కాళ్ళు కదపకండి" అంది. సఫ్నా పక్కన కూర్చుని నవ్వాపుకోలేక కుట్లు పడిన కాలు పట్టుకుంది. ఆ పిల్ల దగ్గర మొదటి రోజే క్షమించమన్నాను. "కాకా, ఈ మచ్చ చూపించి ఎక్కడైనా ఉద్యోగం అడగొచ్చు" అంది. నీ శిష్యురాలే.

నాలుగోరోజు పిక్క పట్టేసింది. కుంటుతూ పక్కకి జరిగాను. ప్రజిష స్టూలు తెచ్చి వేసింది, మోకాళ్ళమీద కూర్చుని నా పిక్క తోమింది. తోముతూ, తల ఎత్తకుండా, "నొప్పిగా ఉందా అచ్ఛా, నీకు?" అంది. ఉందన్నాను. "ఉండనీ కాసేపు" అంది. అయినా తోమడం ఆపలేదు.

ఇప్పుడు పాఠంలో నడుం పైన నువ్వు, కింద నేను. అతుకు ఎక్కడుందో పెట్టి చూసినా తెలీదు. మొదటి పక్కటెముక పాఠం కూడా ఇలాగే తీస్తుందట, నువ్వు పొన్నాని నుంచి రాగానే. నాకు మండుతోంది, దాచను. పిల్లలు పెట్టె కట్టుకోగానే ఆ చేతులు చూసి "బీరానిక్కా!" అంటారు. కాళ్ళని చూసి ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారా? పాఠం చివర పేర్లు వస్తాయి, అక్కడ నా పేరు రెండోది. నీ పేరు కంటే చిన్న అక్షరాలు. కొలిచాను.

నిన్న పెద్దలు చూసి ఒప్పుకున్నాక నాకు కూడా పెట్టె కట్టింది. ఈసారి లోపలికి దూరవద్దు, దూరంగా నిలబడి చూడమంది. ఆ గాజుమనిషి దుంగ చెక్కడం ముగించాడు. బాడిశ భుజాన వేసుకున్నాడు. దిగి, ఓడ చుట్టూ నడిచాడు. ఆ భుజాలు నీవి. ఆ మెడ వంపు నీది. రెండు కాళ్ళూ సమంగా వేస్తూ, ఎక్కడా ఈడ్వకుండా, తుంటి విరగని ముప్ఫై ఏడేళ్ళ బీరాన్ లాగా నడిచి ఓడ అవతలికి వెళ్ళాడు, మళ్ళీ ఇవతలికి వచ్చాడు.

నువ్వు తిన్నగా నడిచావురా. నేను చూశాను. మళ్ళీ వెయ్యమని ప్రజిషని అడిగాను. మళ్ళీ వేసింది. మళ్ళీ అడిగాను.

నీ
చాప్పుణ్ణి